తొట్టిలో పదిహేడు సొట్టలు

మార్చి 3, మంగళవారం

మా అమ్మలు గీసిన తొట్టితో నిజం బండి తయారైపోయింది! కాగితం మీద బొమ్మ కాదు, కంప్యూటర్‌లో గిర్రున తిరిగే బొమ్మ కాదు, నాలుగు చక్రాల మీద నిలబడ్డ పికప్ బండి! వెనక సరుకు వేసే తొట్టి ఉంది చూశారూ, దాని అడుగు, పక్క పలకలు, వెనక తలుపు, మొత్తం నా చిన్న కూతురి బుర్రలోంచి వచ్చినవే. పొద్దున్నే ఫోన్ చేసి "నాన్నా, ఒకసారి గేటు దగ్గరికి రా" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గేటు ముందు తెల్లటి బండి, డ్రైవరు సీట్లో అమ్మలు! నా కాళ్ళు నేల మీద ఆనలేదు. సైకిలు మీద పోతున్న పాలాయన్ని ఆపి మరీ చూపించాను. పాపం "బాగుందండీ" అని వెళ్ళబోయాడు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తలుపు ఎలా తెరుచుకుంటుందో కూడా చూపించి పంపాను.

నలభై ఏళ్ళు నేను గుద్దుకున్న బండ్లకు సొట్టలు తీశాను. నా కూతురు బండ్లకు ఒళ్ళు పుట్టించే చోట కూర్చుంది. ఇంతకంటే ఏం కావాలి! ఇంతకంటే ఏం కావాలి!

ఒక్కటే. రేకు పల్చన. నా షాపు రోజుల్లో తొట్టిని వేలితో కొడితే "ధబ్" మనేది. ఇది "టంగ్" మంది. ముప్పావు మిల్లీమీటరు కూడా లేదట. మా కాలంలో దానికి దాదాపు రెట్టింపు ఉండేది.

"ఇది వేరే రకం ఉక్కు నాన్నా. పల్చనైనా గట్టిది. అడుగున ఈ చాళ్ళు చూడు, వీటి వల్ల వంగదు" అంది అమ్మలు. నిజమే, తొట్టి అడుగంతా దున్నిన మడిలా పొడుగ్గా చాళ్ళు తీరి ఉంది. "మొత్తం మీద నలభై కిలోల బరువు తగ్గింది. ఆ నలభై కిలోలు సరుకు ఎక్కువ వేసుకోవచ్చు."

నేనేమీ అనలేదు. "పల్చనేమో అమ్మా" అని ఒక్కసారి అన్నాను. రెండుసార్లు అనుంటాను. మా ఆవిడ అయిదు అంటుంది. ఆవిడ లెక్క ఎప్పుడూ ఎక్కువే.

మార్చి 5, గురువారం

బండిని ఆరు వారాలపాటు నిజం పనిలో పెట్టి చూస్తారట. ఆ పని అమ్మలు ఎవరికి అప్పగించిందో తెలుసా? రాళ్ళ బావకి! మా ఆవిడ అన్నయ్య. ఇళ్ళ గోడలకు, మెట్లకు కావలసిన రాళ్ళు మోసే వ్యాపారం ఆయనది. ఆయన చేతిలో పడ్డ బండికి నిండు ఆయుష్షు ఉండదు. అమ్మలు కావాలనే ఆయన్ని ఎంచుకుంది. "మావయ్య దగ్గర నిలిస్తే ఇంకెక్కడైనా నిలుస్తుంది" అంటుంది. నా కూతురి ధైర్యం చూడండి!

బావ వచ్చి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి అడుగు చూశాడు. గోటితో గీకాడు.

"ఏవిటే అమ్మలూ, దీంట్లో రాళ్ళు వెయ్యాలా, చిరునామా రాసి పోస్టులో వెయ్యాలా?"

"నీ పాత బండిలో ఎలా వేస్తావో అలాగే వెయ్యి మావయ్యా. మొహమాటపడకు."

"మొహమాటమా! నాకా! ఏమోయ్ బావా, నీ కూతురికి నా సంగతి చెప్పలేదా?"

నేను టీ పెట్టమని చెప్పడానికి లోపలికి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మలు ఆయనకేవో అప్పగింతలు చెప్పడం అయిపోయింది. ఒక పుస్తకం, ఒక ఎర్ర రంగు కలం ఆయన జేబులో కనిపించాయి. రాళ్ళ లెక్కలేమో అనుకున్నాను.

వెళ్ళేముందు అమ్మలు నాతో అసలు సంగతి చెప్పింది. ఏప్రిల్ 22న పెద్ద మీటింగు. కంపెనీలో ఒకాయన మొదటినుంచీ పాత మందపాటి తొట్టే ఉండాలని పట్టుబట్టి కూర్చున్నాడట. ఆయన పేరు చెప్పింది గానీ నేను మందపాటాయన అనే రాసుకుంటాను. పల్చటి తొట్టి నిలబడిందని రుజువు చూపిస్తే కొత్త బండికి అదే ఖాయం. చూపించలేకపోతే మూడేళ్ళ పని అటకెక్కినట్టే.

నిలబడుతుంది. నా కూతురు చేసింది నిలబడక ఏం చేస్తుంది!

మార్చి 19, గురువారం

బావ ఫోన్ చేశాడు. "బావా, ఇవాళ్టికి ఆరు సొట్టలు. ఒక్కోదానికి ఎర్ర రంగుతో సున్నా చుట్టి పెడుతున్నాను. మీ అమ్మాయికి మార్కులు వేస్తున్నానోయ్!"

ఒళ్ళు మండింది. కన్నబిడ్డ లాంటి మేనకోడలు పని మీద వెటకారమా? ఫోన్ మా ఆవిడ చేతిలో పెట్టేసి వెళ్ళి గేటుకి నూనె వేశాను. గేటుకి నూనె అక్కర్లేదు.

ఏప్రిల్ 2, గురువారం

మళ్ళీ బావ. పదకొండు. నేను మాట్లాడలేదు.

ఏప్రిల్ 17, శుక్రవారం

బావ మధ్యాహ్నం బండి తెచ్చి మా షెడ్డులో పెట్టి వెళ్ళాడు. అమ్మలు ఆదివారం సాయంత్రం వచ్చి, సోమవారం పొద్దున కంపెనీకి తోలుకుపోతుంది.

తొట్టి చూసి నా ప్రాణం ఉసూరుమంది. బంగారం లాంటి తొట్టి! మూలన సొట్ట, చక్రం దగ్గర సొట్ట, నడిమధ్యన గిన్నెలా సొట్ట. వాటి చుట్టూ ఎర్రెర్రగా సున్నాలు, పక్కన అంకెలు. బావ తలుపు మీద చెయ్యి వేసి పళ్ళికిలించాడు.

"చూసుకో. పదిహేడు."

"మీ పాత బండిలో ఇంతకు పదింతలున్నాయి" అన్నాను.

"ఉంటాయి. దానికి సొట్టలెవరు లెక్కపెట్టారు?"

అని వెళ్ళిపోయాడు. నేను షెడ్డులోనే కూర్చున్నాను. ఈ ముఖంతో నా కూతురి బండి ఆ మందపాటాయన ముందు నిలబడాలా? ఆయన ఎర్ర సున్నాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తాడు. అమ్మలు తల దించుకుని నిలబడుతుంది. నేను ఇక్కడ గేటుకి నూనె వేసుకుంటూ కూర్చోవాలా? నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బండ్లన్నీ బాగుచేసిన చేతులు ఇవి!

అటక మీంచి పనిముట్ల పెట్టె దించాను. సుత్తులు అయిదూ ఉన్నాయి. ఇనప దిమ్మలు మూడూ ఉన్నాయి. తుప్పు కొద్దిగా. తుడిస్తే పోయింది.

ఏప్రిల్ 18, శనివారం

ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా! పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పొద్దుగూకే వేళకి ముగించాను. పందొమ్మిది సొట్టలు తీశాను. తొట్టిని ఇప్పుడు కంపెనీవాళ్ళే గుర్తుపట్టలేరు.

సొట్ట తీయడమంటే లోతు పడ్డచోట కింద నుంచి సుత్తితో కొట్టాలి, పైన ఇనప దిమ్మ ఒత్తిపట్టాలి. రెండూ ఒకేచోట ఎదురుపడాలి. షాపులో పైన పట్టుకోవడానికి మనిషి ఉండేవాడు. ఇప్పుడెవరున్నారు? మా ఆవిడ తొట్టిలోకెక్కి కూర్చుంది. నేను కింద చాప వేసుకుని పడుకున్నాను.

"ఎడమకి. ఎడమకి అన్నానా! నీ ఎడమ కాదు, నా ఎడమ."

"మీరు వెల్లకిలా పడుకుంటే మీ ఎడమ నాకెలా తెలుస్తుందండీ?"

"సుత్తి చప్పుడు ఎక్కడినుంచి వస్తే అక్కడ."

"చప్పుడంతా నా చెవుల్లోంచే వస్తోంది."

ఇలా సాగింది. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ నా పనిముట్టు పట్టుకోవడం ఇదే మొదటిసారి. మూడో సొట్టకల్లా చెయ్యి కుదిరింది. పదో సొట్టకల్లా నాకే సలహాలివ్వడం మొదలుపెట్టింది.

కానీ రేకు గురించి ఒకటి రాసుకోవాలి. మొండి రేకు. పాత రేకు నాలుగు దెబ్బలకి మాట వినేది, మెత్తగా ఎటు తోస్తే అటు జరిగేది. ఇది కొడితే సుత్తిని తిరిగి తోస్తుంది. ఎంత పల్చనో అంత పొగరు. ఒక్కో సొట్టకి చిన్నచిన్న దెబ్బలు వందలు వేయవలసి వచ్చింది. మణికట్టు వాచింది. పాత పద్ధతిలో గ్యాసుమంటతో ఎర్రగా కాల్చి దారికి తెద్దామా అనుకున్నాను. కానీ ఆలోచించి వద్దని మానేశాను. అనుభవం అంటే అదే.

పందొమ్మిది అన్నాను కదా. బావ సున్నాలు చుట్టినవి పదిహేడే. తొట్టికి డ్రైవరు వైపున్న ముందు గోడ పక్కన రెండు పెద్దవి ఉన్నాయి, నా చేతికి చిక్కాయి గానీ ఆయన కంటికి ఆనలేదు. లెక్క కూడా సరిగ్గా రాదు మనిషికి! చివర్న గుడ్డని థిన్నర్‌లో ముంచి ఎర్ర సున్నాలన్నీ తుడిచేశాను. తొట్టి అద్దంలా ఉంది.

రేపు అమ్మలు ముఖం చూడాలి!

ఏప్రిల్ 19, ఆదివారం

ఎండ ఎక్కువగా ఉంది. రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 20, సోమవారం

మంచికే చేశాను.

సొట్ట తీయడం తప్పెలా అవుతుంది? నలభై ఏళ్ళలో సొట్ట తీసినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు. తీయనందుకే అన్నారు.

జరిగింది రాస్తాను. అమ్మలు నిన్న సాయంత్రం వచ్చింది. నేను షెడ్డు తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి పక్కకి తప్పుకున్నాను. తొట్టిలోకి చూసింది. పైకెక్కింది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమింది.

"నాన్నా, సొట్టలేవి?"

"ఏ సొట్టలు?" అన్నాను నవ్వుతూ. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి.

"ఎర్ర సున్నాలేవి?"

"మీ మావయ్య వెటకారాలు బండి మీద ఉండాలా? తుడిచేశాను."

అది మెల్లగా తొట్టి అంచు మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. ఆ సున్నాలు అదే చుట్టమందట. పుస్తకం, ఎర్ర కలం అందుకే ఇచ్చిందట. ఏ రోజు, ఏ రాయి, ఎంత ఎత్తు నుంచి పడింది, ఎక్కడ పడింది, వేళ్ళ లెక్కలో ఎంత లోతు వంగింది, బావ రాస్తూ వచ్చి పుస్తకం దానికే పంపాడట. ఇవాళ యంత్రంతో ఒక్కో సొట్ట లోతు కొలిచి, ఇంత దెబ్బకి ఇంతే వంగింది, ఎక్కడా చిరగలేదు అని చూపించాలి. సొట్టలే దాని రుజువు. నేను రుజువంతా సుత్తితో చెరిపేశాను.

"పోనీలే అమ్మా, సొట్టలే లేవంటే ఇంకా మంచిది కదా" అన్నాను. బుద్ధి లేక అన్నాను.

"కొట్టి సరిచేసినట్టు వాళ్ళకి చూడగానే తెలుస్తుంది నాన్నా. రుజువు లేదనరు. నేను దాచేశానంటారు."

అప్పుడు తల కొట్టేసినట్టయింది.

నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున టీ తాగకుండా బండి తీసుకుని వెళ్ళిపోయింది. వీధి చివరి దాకా చూశాను, తొట్టి తళతళ మెరుస్తూ పోయింది.

"దిమ్మ పట్టుకున్నది నేనే కదా, సగం తప్పు నాది" అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు పాపం."

"మీకు మాత్రం తెలుసా?"

మంచికే చేశాను. మంచికే చేశాను.

ఏప్రిల్ 21, మంగళవారం

బావకి నేనే ఫోన్ చేశాను. చెప్పగానే చెవి చిల్లుపడేలా అరిచాడు. "ఓరి నీ చేతులు పడా! ఆరు వారాలు నా కుర్రాళ్ళ చేత దించిన ప్రతి రాయికీ లెక్క రాయించానోయ్! జన్మలో నా ఇంటి ఖర్చు రాయలేదు, మేనకోడలికోసం రాశాను!"

"మార్కులు వేస్తున్నానన్నారు కదా?"

"మరేమనాలి? నిన్ను ఉడికించకపోతే నాకు తోచదు."

తర్వాత అమ్మలుకి చేశాను. రేపు మీటింగుకి నేనొస్తానన్నాను. వద్దంది. "నిన్నెవరైనా ఏమైనా అంటే నేను వినలేను నాన్నా" అంది. సరేనన్నాను. పొద్దున ఆరున్నర బస్సుకి వెళ్తున్నాను.

ఇంకొకటి కూడా రాసెయ్యాలి, అబద్ధం నా పుస్తకంలో ఉండకూడదు. శనివారం గ్యాసుమంట ఆలోచించి మానలేదు. సిలిండరు ఖాళీ. ఉండి ఉంటే కాల్చేవాణ్ణే.

ఏప్రిల్ 22, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టను! చెయ్యి ఆగడం లేదు.

కంపెనీ గేటు దగ్గర నాకు పసుపు పచ్చ కోటు తొడిగి, ఇనప ముక్కు బూట్లు ఇచ్చారు. రెండు సైజులు పెద్దవి. టకటకమంటూ పెద్ద హాలులోకి వెళ్ళాను. మధ్యలో మన బండి, పక్కన పాత రకం మందపాటి తొట్టి బండి. చుట్టూ పదిమంది. నన్ను చూసి అమ్మలు ముఖం పాలిపోయింది. వాళ్ళందరికీ పెద్ద ఒక ఇంజనీరమ్మ. తెల్లజుట్టు, నా ఈడే ఉంటుంది. పక్కన ఒక సన్నటి మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయనే మందపాటాయన! లావుగా ఉంటాడనుకున్నాను.

ఇంజనీరమ్మకి దణ్ణం పెట్టాను. "అమ్మా, తప్పు నాది. సొట్టలు తీసింది నేను. మా అమ్మాయికి తెలియదు."

మందపాటాయన అన్నాడు, "మీరు ఆమె తండ్రి కదండీ. అలాగే అంటారు."

నలభై ఏళ్ళలో ఎంతమంది ఎన్నన్నారో. అవేవీ ఇంత గుచ్చుకోలేదు. అమ్మలు ముందుకి రాబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"బాబూ, మా బావ రాసిన పుస్తకం ఈ అమ్మగారి దగ్గరే ఉంచండి. నేను దాని ముఖం కూడా చూడలేదు. ఏ సొట్ట ఎక్కడుందో, ఎంత లోతుందో నేను ఇప్పుడు చెప్తాను. పుస్తకంతో పోల్చి చూసుకోండి."

"తీసేసిన సొట్ట లోతు ఎలా చెప్తారు?"

"తీసింది నేనే కదా."

సుద్దముక్క ఇమ్మన్నాను. తొట్టిలోకెక్కి కళ్ళు మూసుకున్నాను. సుత్తి పడ్డచోట రేకు పైకి ఎంత నున్నగా ఉన్నా అరచేతికి తెలుస్తుంది. చిన్నచిన్న అలల్లాగా ఉంటుంది. లోతు సొట్ట అయితే అలలు ఎక్కువ దూరం పోతాయి. ఒక్కొక్కటీ తడుముతూ సుద్దతో చుట్టాను. ఇది ఒక వేలు లోతు. ఇది అర వేలు. ఇది కోసుగా పడింది, రాయి మూల తగిలి ఉంటుంది. ఇది గుండ్రం. ఇంజనీరమ్మ పుస్తకం తెరిచి నిలబడింది. చెప్పినవన్నీ కలుస్తూ వచ్చాయి! ఎవరో పక్కన "అబ్బా" అన్నారు. మూసిన కళ్ళతోనే విన్నాను.

ముందు గోడ పక్కకి వచ్చి ఇంకో రెండు చుట్టాను. "ఈ రెండూ అన్నిటికంటే పెద్దవి. రెండేసి వేళ్ళు."

ఇంజనీరమ్మ కాగితాలు తిరగేసింది. "పుస్తకంలో పదిహేడే ఉన్నాయండీ."

"చూశారా, లెక్క కలవడం లేదు" అన్నాడు మందపాటాయన.

ఆవిడ బావకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది. ముందు గోడ పక్కన ఏం పడిందని అడిగింది. బావ గుటకలు మింగడం హాలంతా వినపడింది.

"అదీ... అమ్మలు అక్కడుందా?"

"ఉన్నాను మావయ్యా. చెప్పు."

"తిట్టనంటే చెప్తాను."

"మావయ్యా!"

"రాతి రోలరు. గొలుసుతో దింపుతుంటే కొక్కెం జారింది. మనిషెత్తు నుంచి పడింది. రెండుసార్లు. అంత ఎత్తు నుంచి వెయ్యొద్దన్నావు కదా, అందుకని రాయలేదు. బరువా? రెండొందల కిలోలకి పైనే ఉంటుంది."

ఇంజనీరమ్మ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "ఇక్కడ గ్యాసుమంట పెట్టారా?"

"లేదమ్మా."

పక్కనున్న ముగ్గురు ఒక్కసారి ఊపిరి వదిలారు. ఈ ఉక్కు కాలిస్తే మెత్తబడిపోతుందట! నా ఖాళీ సిలిండరుకి దణ్ణం పెట్టుకున్నాను. చిన్న యంత్రం పెట్టి ఆ రెండు చోట్లా చూశారు. సన్నని పగులు కూడా లేదు. పైపూత లేచినచోట తుప్పు పట్టకుండా మళ్ళీ పూత వెయ్యాలి, అంతే.

"నియమం దాటి పడింది, పైగా సుత్తితో సరిచేశారు, అయినా చిరగలేదు" అంది ఇంజనీరమ్మ. "మనం ఇంత మొరటు పరీక్ష పెట్టి ఉండేవాళ్ళం కాదు. సరే, మన కళ్ళ ముందు మళ్ళీ ఒకసారి చూద్దాం."

అంత బరువు దిమ్మ గొలుసుకి కట్టి, నేను సరిచేసిన చోటుకి సరిగ్గా పైన మనిషెత్తుకి ఎత్తారు. అమ్మలు నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు సూది వేసేటప్పుడు పట్టుకునేది అలా. వదిలారు. హాలు అదిరింది. దిమ్మ ఎత్తి చూస్తే సొట్ట. సొట్ట మాత్రమే! చిరుగు లేదు, పగులు లేదు.

"ఇప్పుడు అందులో వెయ్యండి" అంది ఆవిడ, మందపాటి తొట్టి చూపించి.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆ రేకు నాకు తెలుసు. దాన్నెవరు వంచుతారు అనుకున్నాను. వదిలారు. ఎత్తారు. నేను ఎవరినీ అడగకుండా ఎక్కి సొట్టలో చెయ్యి పెట్టాను.

లోతుగా ఉంది. మన దానికంటే ఒక వేలు ఎక్కువ. మళ్ళీ మన బండిలో పెట్టి చూశాను. మళ్ళీ దానిలో పెట్టాను. బూట్లు టకటకమంటూ మూడుసార్లు అటూ ఇటూ ఎక్కి దిగాను. ఎవరూ నన్ను ఆపలేదు. నాకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, నా చెయ్యే చెప్పింది.

మందపాటాయన కూడా వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. నా పక్కనే నిలబడి, "క్షమించండి, తొందరపడి అన్నాను" అన్నాడు.

"నేను మీకంటే తొందరపడ్డాను బాబూ, నాలుగు రోజులముందే" అన్నాను.

పెద్దవాళ్ళు విడిగా కూర్చుని మాట్లాడుకుని, ఫలితం తర్వాత చెప్తామన్నారు. అమ్మలు బస్సు దాకా వచ్చింది. "టీ తాగుదామా నాన్నా?" అంది. రెండు కప్పులు తాగాను.

ఏప్రిల్ 23, గురువారం

ఫోన్ రాలేదు. వస్తుంది.

ఏప్రిల్ 24, శుక్రవారం

వచ్చింది! వచ్చింది! వచ్చింది! అమ్మలు తొట్టి ఖాయం! కొత్త బండ్లన్నిటికీ అదే! ఫోన్‌లో అమ్మలు ఏడుస్తూ నవ్వింది, మా ఆవిడ నవ్వుతూ ఏడ్చింది, నేను రెండూ చేశాను. యంత్రం కొలతలు నేను చెడగొట్టాను కాబట్టి ఇంకో బండితో ఆరు వారాలు మళ్ళీ రాసుకుంటారట. ఆ బండి కూడా రాళ్ళ బావకే! ఈసారి జారిపడ్డవి కూడా రాయాలని సంతకం పెట్టించుకుంటారట. బండి నా గేటులోకి మాత్రం రాకూడదని షరతు. న్యాయమే.

ఇంకా ఉంది! దారి పక్క షాపులవాళ్ళకి మంట లేకుండా ఈ రేకు సొట్ట తీయడం ఎలాగో చూపించమని ఇంజనీరమ్మ అడిగిందట. నన్ను! వీడియో తీస్తారట. పైన దిమ్మ పట్టుకునే మనిషిని తెచ్చుకుంటానన్నాను. మా ఆవిడ ఇప్పటినుంచే ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది.

ఎవరెవరికి చెప్పాలి:

పెద్దమ్మాయికి. అందరికంటే ముందు, లేకపోతే అలుగుతుంది. అల్లుడుగారికి అదే చెప్తుంది, అయినా నేను విడిగా చెప్పాలి.

మా అక్కకి. ఫోన్‌లో వినపడదు. వెళ్ళి చెప్పాలి, గట్టిగా, రెండుసార్లు. "అమ్మలు పెళ్ళా?" అంటుంది. కాదని మూడోసారి చెప్పాలి.

తమ్ముడికి, మరదలికి. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు కాబట్టి విడివిడిగా.

మా ఆవిడ చెల్లెలికి. ఆవిడకి చెప్తే ఆ వైపు పన్నెండిళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

వియ్యంకుడికి, వియ్యపురాలికి. నెమ్మదిగా, గొప్పలు పోకుండా. ప్రయత్నిస్తాను.

మేనల్లుళ్ళు ముగ్గురికి. నడిపివాడు బండి కొంటానంటున్నాడు, మూణ్ణెల్లు ఆగమనాలి.

రాళ్ళ బావకి. నాకంటే ముందే తెలిసి ఉంటుంది. అయినా చెప్పి, దాచిన రెండు సొట్టలకి థాంక్స్ అనాలి. ఆయన ఏమంటాడో నాకు తెలుసు, పడాలి.

అమ్మలుకి. "దానికి తెలియనిదేముందండీ" అంటోంది మా ఆవిడ. ఫలితం దానికి తెలుసు. "పల్చనేమో" అన్న నాకు ఆ మందపాటి తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడు ఏం తెలిసిందో దానికి నా నోటితో ఇంకా చెప్పలేదు. టీ తాగినప్పుడు కూడా బూట్ల గురించే మాట్లాడాను. ఫోన్‌లో కాదు. ఆదివారం వస్తుంది, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. పెద్దది అలిగినా సరే, ముందు దీనికే.